గోదావరి ఉక్కపోతకు రిక్లైనర్ గుడ్డ

రిక్లైనర్ కుర్చీకి మొదట్లో మెత్తా లేదు, గుడ్డా లేదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని మన్రో అనే ఊళ్లో ఎడ్వర్డ్ నబుష్, ఎడ్విన్ షూమేకర్ అనే ఇద్దరు బంధువులు 1928లో దాన్ని ఉత్త చెక్క పలకలతో తయారు చేశారు. మనిషి వెనక్కి వాలితే తానూ వాలే వరండా కుర్చీ అది. టొలీడో నగరంలోని ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్లి చూపిస్తే, అక్కడ సరుకు ఎంపిక చేసే ఆయన పెదవి విరిచాడు. చెక్క కుర్చీని జనం వేసవిలోనే కొంటారు, మెత్తలు వేసి గుడ్డ తొడిగితే ఏడాది పొడుగునా ఇంట్లో వేసుకుంటారు అన్నది ఆయన సలహా. ఆ సలహా విని 1929లో మెత్తల కుర్చీ చేశారు. లా-జీ-బాయ్ కంపెనీ అలా నిలదొక్కుకుంది.

మంచు కురిసే ఊళ్లో ఏడాదంతా అమ్ముడుపోవడం కోసం కప్పుకున్న ఆ మెత్తల్నే మనం ఇప్పుడు రాజమహేంద్రవరంలో, భీమవరంలో, అమలాపురంలో హాల్లో వేసుకుని వాలుతున్నాం. అదీ రోహిణి కార్తెలో.

వాలు కుర్చీ గోదావరి ఇళ్లకు కొత్త కాదు. మండువా లోగిలి వసారాలో పడక కుర్చీ ఉండేది. టేకు చట్రం, పైనా కిందా రెండు కర్రలు, వాటికి తొడిగిన చారల క్యాన్వాసు గుడ్డ, అంతే. మనిషికీ గాలికీ మధ్య ఒక్క పొర. పేము అల్లిన కుర్చీలోనూ, నవారు మంచంలోనూ, నులక మంచంలోనూ ఉన్నది ఇదే ఏర్పాటు. ఒంటి కింద గాలి ఆడాలని తెలిసిన చేతులు చేసిన వస్తువులు అవి. రిక్లైనర్‌లో వీపు వెనక గాలి లేదు. అరడుగు మందం స్పాంజి ఉంది, దాని వెనక చెక్క, ఇనుము ఉన్నాయి. ఈ కుర్చీ డెల్టాలో సుఖంగా ఉంటుందా లేదా అన్నది చాలావరకు పైన తొడిగే గుడ్డే తేలుస్తుంది. అయినా ఆ గుడ్డను మనం రంగు చూసి, ఫోనులో బొమ్మ చూసి ఎంచుకుంటున్నాం. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండి అమ్మానాన్నల కోసం పంపించే వస్తువుల్లో ఇది ఒకటైంది కాబట్టి, రోజూ ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు ఆ గుడ్డను చేత్తో పట్టుకుని చూసే అవకాశం కూడా తరచూ ఉండడం లేదు.

ముందు చెమట సంగతి చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. పోవాలి కూడా. గాలి మన చర్మం కన్నా చల్లగా ఉన్నంతసేపు ఆ వేడి గాలిలోకి తనంతట తాను వెళ్లిపోతుంది. గాలి 35 డిగ్రీలు దాటిన రోజున ఆ దారి మూసుకుపోతుంది. చెమట ఆరడం ఒక్కటే మిగులుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంటి నుంచి దాదాపు 2,400 జౌళ్ల వేడి పట్టుకుపోతుంది. కారిపోయిన చెమట వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఆరిన చెమటే చల్లబరుస్తుంది.

చెమటను ఆరబెట్టే బలం చర్మం మీది ఆవిరి పీడనానికీ గాలిలోని ఆవిరి పీడనానికీ మధ్య ఉన్న తేడా. 35 డిగ్రీల తడి చర్మం మీద ఆ పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్స్. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు, గాలిలో తేమ 30 శాతం అనుకోండి. అప్పుడు గాలిలోని ఆవిరి పీడనం 2.2 దగ్గర ఉంటుంది. తేడా 3.4. అదే ఆగస్టులో ముసురు తెరిపిచ్చిన సాయంత్రం, 32 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుంటే గాలిది 3.6కు చేరుతుంది. తేడా 2 మాత్రమే. ఎనిమిది డిగ్రీలు చల్లబడినా చెమట ఆరే బలం నలభై శాతం తగ్గిపోయింది. ఉక్కపోత అని మనం విసుక్కునేది దీన్నే. నిడదవోలు నుంచి అంతర్వేది దాకా కాలవలు, చేలు, చెరువులు పరుచుకున్న నేలలో ఏడాదిలో చాలా నెలలు గాలి ఇలాగే ఉంటుంది.

ఆ తగ్గిన బలంతోనే ఆవిరి మన చొక్కాను, ఆ తరవాత కుర్చీ గుడ్డను, ఆ తరవాత స్పాంజిని దాటాలి. భోజనాల బల్ల దగ్గరి కుర్చీలో తొడలు, కాస్త వీపు మాత్రమే ఆనుతాయి. రిక్లైనర్‌లో తల, మెడ, వీపు, నడుము, తొడలు, పిక్కలు అన్నీ ఆనుతాయి. ఒంట్లో చెమట ఆరాల్సిన భాగంలో పెద్ద వాటాను ఈ కుర్చీ తన కిందికి తీసుకుంటోంది. అందుకని ఈ ప్రాంతంలో కుర్చీ గుడ్డకు వేయాల్సిన మొదటి ప్రశ్న: నీలోంచి ఆవిరి పోతుందా?

దీనికి జవాబు వంటింట్లోనే దొరుకుతుంది. రెండు స్టీలు గ్లాసుల్లో సగం దాకా వేడి నీళ్లు పోసి, ఒకదాని మూతికి నేత గుడ్డ ముక్క, రెండోదానికి రెక్సిన్ ముక్క బిగించి రబ్బరు బ్యాండు వేయండి. రెండింటి మీదా వేలెడు ఎత్తులో చల్లటి స్టీలు పళ్లాలు పట్టుకోండి. గుడ్డ వైపు పళ్లెం అడుగున కాసేపటికే ఆవిరి పడుతుంది. రెక్సిన్ వైపు పళ్లెం పొడిగా ఉంటుంది. ప్రయోగశాలల్లో చేసేదీ దాదాపు ఇదే. నీళ్ల గిన్నెకు గుడ్డ మూత కట్టి, ఒక రోజులో ఎన్ని గ్రాములు తగ్గిందో తూస్తారు. షోరూములో గుడ్డ తిరగేసి చూడడం కూడా మరవకండి. ముందు వైపు చక్కటి నేత కనిపించే గుడ్డలు చాలావాటికి వెనక వైపు జిగురు లాంటి పూత ఉంటుంది. కుట్టు దగ్గర దారాలు జారి నోరు తెరుచుకోకుండా ఆ పూత పూస్తారు. అది పలచగా ఉంటే ఫరవాలేదు. ప్లాస్టిక్ కాగితంలా మందంగా ఉంటే నేత ఎంత బాగున్నా అది రెక్సిన్‌తో సమానమే.

ఇక దారం సంగతి. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన బరువులో సుమారు 8 శాతం నీటిని తనలోకి పీల్చుకుని ఉంటుంది. నార గుడ్డ, అంటే అవిసె నారతో నేసిన లినెన్, 12 శాతం దాకా పీలుస్తుంది. ఉన్ని అంతకన్నా ఎక్కువ, జనపనార కూడా దాని దరిదాపుల్లోనే ఉంటుంది. పాలియెస్టర్ 0.4 శాతం. పాలీప్రొపిలీన్ ఇంచుమించు సున్నా. నూలు గుడ్డ మీద కూర్చుంటే మొదటి అరగంట చెమట తగలకపోవడానికి కారణం ఇదే. పోగు తనలోకి తీసుకుంటుంది.

అయితే నూలు మంచిది, పాలియెస్టర్ చెడ్డది అని ఇక్కడితో తేల్చేస్తే పొరపాటే. నూలు తాగిన నీటిని తొందరగా వదలదు. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే మందపాటి నూలు గుడ్డ తడి వాసన వేస్తుంది, ఆ పైన బూజు పడుతుంది. గుడ్డ దగ్గర తేమ 75, 80 శాతం దాటి కొన్ని రోజులు అలాగే నిలిస్తే బూజుకు ఇంకేమీ అక్కర్లేదు, పోగుల మధ్య చేరిన దుమ్మూ చెమటా దానికి తిండి. పాలియెస్టర్ పోగు నీటిని తాగదు కానీ, సన్నటి పోగుల కట్టల మధ్య ఉన్న సందుల గుండా నీరు పాకుతుంది. దీపం ఒత్తిలో నూనె పైకి పాకినట్టు చెమట విస్తరించి, వెడల్పుగా పరుచుకుని, త్వరగా ఆరుతుంది. కాబట్టి పోగు ఏది అన్నదానితో పాటు నేత ఎలా ఉంది అన్నది కూడా చూడాలి. నూలు వాటా ఎక్కువగా, పాలియెస్టర్ కొంత కలిసిన, ముతక దారపు సాదా నేత డెల్టాకు నప్పుతుంది. నూలు చెమటను అందుకుంటుంది, పాలియెస్టర్ బలాన్నీ ఆరే గుణాన్నీ ఇస్తుంది. నార కలిసిన గుడ్డ ఇంకా హాయి, ధర కూడా అంతే ఎక్కువ, ముడతలు కూడా పడతాయి. వెల్వెట్, చెనిల్ లాంటి నూగు గుడ్డలు చేతికి మహా మెత్తగా ఉంటాయి గానీ ఆ నూగు మధ్య నిలిచిన గాలి దుప్పటి పని చేస్తుంది. మిషిగన్‌కు సరే. ఏసీ ఎప్పుడూ నడిచే గదికీ సరే. మిగతా ఇళ్లకు నేను వద్దనే అంటాను.

రెక్సిన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అమ్ముడుపోయే రిక్లైనర్లలో తోలులా కనిపించేవి చాలావరకు తోలు కావు. రెక్సిన్ అన్నది ఇంగ్లండులో ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. వాళ్లు గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూసి అమ్మేవారు. ఇప్పుడు మనం రెక్సిన్ అనేది పీవీసీ పూత. పీవీసీ సహజంగా గట్టి పదార్థం, నీళ్ల గొట్టాలు చేసేది దానితోనే. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దానికి మెత్తబరిచే ద్రవాలు కలిపి వంగేలా చేశాడు. ఆ మెత్తదనం అరువు తెచ్చుకున్నది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవాలు పైకి తేలి, చెమటకూ తలనూనెకూ కరిగి పోతాయి. రెక్సిన్ గట్టిపడుతుంది, మడత దగ్గర పగులుతుంది.

దానికన్నా ఖరీదుగా, మెత్తగా, అచ్చం తోలులా కనిపించేది పీయూ, అంటే పాలీయురేథేన్ పూత. లెదరెట్ అనీ, వీగన్ లెదర్ అనీ రకరకాల పేర్లతో వస్తుంది. డెల్టాలో దీని శత్రువు ఎండ కన్నా తేమ. చవక రకం పీయూలో ఎస్టర్ బంధాలు ఉంటాయి. నీటి అణువు వచ్చి ఆ బంధాన్ని తెంపుతుంది. తెగిన చోట ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పక్క బంధాలు తెగడాన్ని మరింత వేగవంతం చేస్తుంది. అందుకే రెండు మూడేళ్లు నిక్షేపంగా కనిపించిన కుర్చీ ఒక వర్షాకాలంలో ఉన్నట్టుండి పొట్టు రాలడం మొదలుపెడుతుంది. మీరు కూర్చున్నా కూర్చోకపోయినా ఇది జరుగుతుంది. పెట్టెలో దాచిన బూట్లు కొన్నేళ్ల తరవాత తీసి తొడుక్కుంటే అట్ట పొడిపొడిగా రాలిపోవడం చాలామంది చూసే ఉంటారు. రెండింటిలోనూ జరిగేది చాలావరకు ఇదే రసాయన చర్య. పాలీకార్బొనేట్ రకం పీయూ దీనికి తట్టుకుంటుంది. దుకాణదారుకు ఆ తేడా తెలిస్తే, రాసిచ్చే గ్యారంటీ ఉంటే తీసుకోవచ్చు. లేదంటే సముద్రానికి యాభై కిలోమీటర్ల లోపున ఉన్న ఏ ఇంటికీ పీయూ రిక్లైనర్ కొనమని నేను చెప్పను. పొట్టు రాలిన పీయూను బాగు చేసే దారి లేదు, గుడ్డ మొత్తం మార్చాల్సిందే.

రెక్సిన్‌కు మాత్రం ఒక చోట తిరుగులేదు. మంచానికి, కుర్చీకి పరిమితమైన పెద్దవాళ్లున్న ఇంట్లో, మూత్రం మీద పట్టు తప్పినప్పుడు, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమయ్యే కుర్చీ కావాలి. అప్పుడు రెక్సిన్ వేయించి, దాని మీద ఉతికే నూలు తొడుగులు నాలుగు కుట్టించుకోవడం మంచిది. తడిసిన చర్మం రెక్సిన్‌కు అంటుకుని ఒరుసుకుంటే పుండ్లు పడతాయి. రిక్లైనర్ వాల్చినప్పుడూ లేపినప్పుడూ ఒళ్లు కిందికి జారుతుంది కాబట్టి ఆ ఒరిపిడి మామూలు కుర్చీలో కన్నా ఎక్కువ. ప్రభుత్వాఫీసుల్లో అధికారి కుర్చీ వెనక టర్కీ తువ్వాలు వేసి ఉండడం చూస్తుంటాం. దాన్ని హోదా గుర్తుగా చెప్పుకుంటారు గానీ, రెక్సిన్ కుర్చీలో ఎనిమిది గంటలు కూర్చునే వీపుకు అది మంచి వైద్యం. తువ్వాలు మీది నూలు ఉంగరాలు చెమటను పీలుస్తాయి, వీపుకూ రెక్సిన్‌కూ మధ్య కాస్త గాలిని నిలుపుతాయి.

అసలైన తోలు సంగతి వేరు. తోలు నారల మధ్య సందులుంటాయి. పైన రంగు పూత మరీ మందంగా లేకపోతే ఆవిరి దాటుతుంది. దక్షిణాదిలో ఒకప్పుడు తంగేడు చెక్కతో తోళ్లు ఊనేవారు, ఆ తోలు విదేశాలకు పెద్ద ఎత్తున వెళ్లేది. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలతో ఊనుతున్నారు. తోలు రిక్లైనర్ కొనేవాళ్లు రెండు మాటలు అడగాలి. ఒకటి, కుర్చీ మొత్తం తోలేనా, లేక ఒళ్లు ఆనే చోట మాత్రమే తోలు వేసి పక్కలూ వెనకా అదే రంగు పీవీసీ వేశారా? రెండు, బాండెడ్ లెదరా? తోలు తుక్కును పొడి చేసి జిగురుతో గుడ్డకు అతికించినదాన్ని ఆ పేరుతో అమ్ముతారు, పీయూ కన్నా ముందే పొట్టు రాలుతుంది. మంచి తోలు కుర్చీ కూడా మన వానాకాలంలో బూజు పడుతుంది. గోడకు జానెడు దూరంలో పెట్టి, వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలి తగలనిస్తే నిలుస్తుంది. మూసేసి ఊరెళ్లే ఇళ్లకు తోలు పనికిరాదు.

షోరూముల్లో గుడ్డ గొప్పతనం చెప్పడానికి ఒక అంకె చూపిస్తారు. లక్ష రబ్స్ తట్టుకుంటుంది అంటారు. మార్టిన్‌డేల్ అనే యంత్రం మీద గుడ్డ ముక్కను 12 కిలోపాస్కల్ ఒత్తిడితో ఉన్ని గుడ్డకేసి ఎనిమిది అంకె లాంటి దారుల్లో రుద్దుతూ, దారాలు తెగేదాకా ఎన్నిసార్లు పట్టిందో లెక్కిస్తారు. అమెరికా పద్ధతి వైజెన్‌బీక్‌లో క్యాన్వాసుతో ముందుకూ వెనక్కూ రుద్దుతారు, దాన్ని డబుల్ రబ్స్ అంటారు. రెండు పద్ధతుల అంకెల్నీ ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఇంటి వాడకానికి మార్టిన్‌డేల్‌లో 20,000 నుంచి 25,000 దాటితే చాలు. లక్ష అన్నంత మాత్రాన నాలుగింతల కాలం మన్నదు, ఎందుకంటే మన ఇళ్లలో కుర్చీ గుడ్డ చిరగడం వల్ల పోవడం తక్కువ. నూనె జిడ్డుకు, బూజుకు, కిటికీ ఎండకు వెలిసిపోవడానికి, పూత రాలడానికి పోతుంది. వీటిలో ఏదీ ఆ అంకెలో లేదు. రంగు వెలవకుండా నిలవడానికి వేరే కొలత ఉంది, 1 నుంచి 8 దాకా. పడమటి కిటికీ పక్కన వేసే కుర్చీకి కనీసం 5 ఉన్న గుడ్డ అడగండి. దారం తీసేటప్పుడే రంగు కలిపిన గుడ్డలు అన్నిటికన్నా బాగా నిలుస్తాయి.

ఇప్పుడు తలనూనె. కోనసీమ ఇళ్లలో తలకు కొబ్బరినూనె రాయని మనిషి అరుదు. రిక్లైనర్‌లో తల ఆనే చోటు ఏడాది తిరిగేసరికి నల్లబడడానికి కారణం అదే. పాలియెస్టర్‌కు నీరు గిట్టదు, నూనె మాత్రం ఇష్టం. జిడ్డు పోగుకు పట్టుకుందంటే మామూలు సబ్బు నీళ్లకు వదలదు, గాలిలోని దుమ్మును కూడా పట్టి ఉంచుతుంది. నూలు నుంచి నూనెను వేడి నీళ్లూ సబ్బూ లాగేయగలవు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో మగవాళ్లు తలకు మకాసర్ నూనె రాసుకునేవారు. అందులో కూడా కొబ్బరినూనె ఉండేది. కుర్చీలు పాడవుతున్నాయని వీపు మీద అల్లిక గుడ్డలు వేయడం అక్కడి ఇల్లాళ్ల అలవాటైంది. అదే శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నరసాపురం ప్రాంతపు ఆడవాళ్లకు క్రోషే అల్లిక నేర్పారు. టేబుల్ గుడ్డలు, కుర్చీల గుడ్డలు అల్లి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేలమంది స్త్రీలు అప్పటి నుంచి ఇప్పటిదాకా బతుకు తెరువు చూసుకుంటున్నారు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ అల్లిక స్త్రీల శ్రమ మీద, వారికి దక్కే అతి తక్కువ కూలి మీద పుస్తకం రాశారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు దారంతో అల్లిన ఆ లేసు కన్నా రిక్లైనర్ తల భాగానికి తగిన వస్తువు నాకు కనిపించదు. గాలి ఆడుతుంది, నూనెను పీలుస్తుంది, తీసి ఉతుక్కోవచ్చు. లేసు కన్నాల్లోంచి జిడ్డు కిందికి దిగకుండా వెనక ఒక పొర ముతక నూలు గుడ్డ కలిపి కుట్టించుకోవాలి. అల్లే చేతికి సరైన ధర ఇచ్చి కొనండి.

నూనె తరవాత పసుపు. ఆవకాయ అన్నం కంచంతో టీవీ ముందు వాలే ఇంట్లో ఈ మరక తప్పదు. పసుపులోని కర్‌క్యుమిన్ నూనెలో కరిగి నూలుకు గట్టిగా పట్టుకుంటుంది. పసుపుతో గుడ్డలకు అద్దకం వేసింది ఈ గుణంతోనే. సబ్బు రాయగానే ఎర్రబడితే కంగారు పడకండి, అది క్షారం వల్ల మారిన రంగు, కడిగితే తిరిగి పసుపవుతుంది. కర్‌క్యుమిన్‌ను వెలుగు విరగ్గొడుతుంది. ఉతికి ఎండలో ఆరేస్తే రెండు మూడు సార్లకు మరక పలచబడి పోతుంది. కానీ కుర్చీకి మేకులతో బిగించిన గుడ్డను ఎండలో ఎలా ఆరేస్తాం? జిప్పు పెట్టిన, విప్పి ఉతికే తొడుగు కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. దుమ్ము పురుగులు కూడా తేమ గాలిలోనే పెరుగుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంట్లో తొడుగులను 55, 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికితే అవి చస్తాయి. ఆ వేడికి కుంచించుకుపోకుండా, కుట్టే ముందే గుడ్డను ఒకసారి తడిపి ఆరేయించాలి. కంపెనీ గుడ్డ అయితే చీటీ మీద అక్షరం చూడండి. డబ్ల్యూ అంటే నీటితో శుభ్రం చేయవచ్చు, ఎస్ అంటే ద్రావకాలతోనే, ఎక్స్ అంటే దుమ్ము లాగడం తప్ప ఏమీ చేయకూడదు. ఎస్, ఎక్స్ గుడ్డలు మన ఇళ్లకు వద్దు.

ఇంటి సామాన్లకు నూలు గుడ్డ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీకి 17వ శతాబ్దంలో వర్తక స్థావరం ఉండేది. అక్కడి నుంచి వెళ్లిన సాదా నేత నూలు గుడ్డ మడపోలం అనే పేరుతో ఇవాళ్టికీ యూరప్‌లో అమ్ముడవుతోంది. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకపు గుడ్డలు అక్కడి పరదాలకూ పరుపులకూ కుర్చీలకూ ఎంతగా ఎక్కాయంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ల గోల భరించలేక బ్రిటిష్ పార్లమెంటు 1721లో చట్టం చేసింది. రంగులద్దిన నూలు గుడ్డలను ఒంటి మీదే కాదు, ఇంటి సామాన్లకు వాడడం కూడా నేరం అన్నది. 1774 దాకా ఆ చట్టం నడిచింది. కుర్చీకి నూలు గుడ్డ వేసుకోవడానికి ఒక దేశం జరిమానా కట్టించింది ఈ తీరపు నేతను చూసి. ఇవాళ ఆ తీరంలోనే కుర్చీలన్నీ ప్లాస్టిక్ పూతలతో మెరుస్తుంటే నాకు బాధగానే ఉంటుంది.

అలాగని ఉప్పాడ జాందానీనో, బండారులంక నేతనో తీసుకెళ్లి సీటుకు కొట్టించమని చెప్పను. అవి ఒంటికి కట్టుకోవడానికి నేసిన సన్నటి గుడ్డలు, సీటు లాగుడుకు కుట్ల దగ్గర జారిపోతాయి. ముతక చేనేత దుప్పటి గుడ్డ తొడుగుకు బాగా పనికొస్తుంది. సీటుకు, కాళ్లు చాపే పలకకు చదరపు మీటరుకు 300 గ్రాములకు తగ్గని గుడ్డ ఉండాలి. రిక్లైనర్‌లో ఎక్కువ దెబ్బ తినేది సీటుకూ కాళ్ల పలకకూ మధ్య మడత. వాల్చిన ప్రతిసారీ అక్కడ గుడ్డ సాగి, లేపినప్పుడు ముడుచుకుంటుంది. అక్కడ రెండంగుళాలు వదులు ఉంచి కుట్టమని చెప్పండి. అన్నీ తొడగడానికి 54 అంగుళాల పన్నా గుడ్డ సుమారు 6 నుంచి 7 మీటర్లు పడుతుంది. చారలో పువ్వులో కలిసి రావాలంటే ఇంకా ఎక్కువ.

పాత కుర్చీకి గుడ్డ మార్పిస్తున్నప్పుడు లోపలి స్పాంజిని కూడా చూడండి. వేలితో నొక్కి వదిలితే నెమ్మదిగా లేస్తోందంటే దాని పని అయిపోయింది. స్పాంజి గట్టిదనం వేరు, సాంద్రత వేరు. గట్టిగా ఉన్నదల్లా మన్నదు. ఘనపు మీటరుకు 32 కిలోలకు తగ్గని సాంద్రత అడగండి, సీటుకు 40 అయితే మేలు. స్పాంజి కింద చెక్క మీద రబ్బరు కలిపిన కొబ్బరి పీచు పలక వేయిస్తే అడుగున గాలికి చోటుంటుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ చాలా ఎక్కువ, అందుకే తేమకు త్వరగా కుళ్లదు. ఆ పీచు మన కోనసీమదే కదా. వెనక భాగం కప్పడానికి ప్లాస్టిక్ గుడ్డ బదులు జాలీ గుడ్డ వేయమనండి, ఖర్చు పెరగదు.

రాజమహేంద్రవరంలోని తాడితోట మార్కెట్‌కు వెళ్లినా, షోరూముకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో పంపిస్తున్నా ముందు జానెడు ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి తగలాలి. ఒక నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలబడకుండా పరుచుకోవాలి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు దిగకూడదు. అంచు నుంచి ఒక దారం లాగి, చిమటాతో పట్టుకుని, గిన్నె మీద కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు, కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే పాలియెస్టర్, రెండూ కనిపిస్తే కలిపి నేసింది. ఒక మూల కొబ్బరినూనె చుక్క వేసి రాత్రంతా ఉంచి పొద్దున సబ్బుతో ఉతకండి. మిగిలిన ముక్కను మీరు రోజూ కూర్చునే కుర్చీలో వీపు కింద వేసుకుని, ఫ్యాను మాత్రమే నడిచే గదిలో నాలుగు సాయంత్రాలు గడపండి. ఆ ముక్క ఇవ్వడానికి ఒప్పుకోని దుకాణంలో కుర్చీ కొనకండి.